జాజ్ ఫ్యూజన్‌ను కింది నుంచి వినండి

జాజ్ ఫ్యూజన్ అర్థం కావడం లేదన్నవాళ్లను నేను ముందుగా ఒక్కటే అడుగుతాను: బాస్, అంటే అన్నిటికంటే కింద మోగే లావు స్వరం, వినిపించిందా? చాలామంది తడుముకుంటారు. గిటారు వినిపించింది, శాక్సోఫోన్ వినిపించింది, డ్రమ్ములు దడదడలాడాయి, మధ్యలో ఎక్కడో దారి తప్పింది. బాస్ మాత్రం గుర్తుండదు. అసలు పాట నిలబడేదే దాని మీద. మన పాటల్లో గొంతు ముందు నడుస్తుంది, వాద్యాలు దాని వెంట వస్తాయి. అందుకే మన చెవి చిన్నప్పటి నుంచి పైన మోగేదాన్ని పట్టుకోవడానికే అలవాటు పడింది. ఫ్యూజన్‌లో పైన వాయించేవాడు ఎటైనా వెళ్తాడు, ఎంతసేపైనా తిరుగుతాడు. అతని వెంట పరిగెత్తితే అలసిపోతాం. కింద బాస్‌ను పట్టుకుని నిలబడితే అతను ఎక్కడికి వెళ్లాడో, ఎప్పుడు తిరిగొచ్చాడో స్పష్టంగా తెలుస్తుంది.

నేను నల్లగొండలో మైకు సెట్టు నడుపుతాను. పెళ్లిళ్లు, బతుకమ్మ, వినాయక నవరాత్రులు, మాఘమాసంలో చెర్వుగట్టు జాతర పనులు మా ఏడాదిని నింపేస్తాయి. కార్యక్రమం మొదలయ్యే ముందు మిక్సర్ దగ్గర కూర్చుని ఒక్కో చానెల్ విడిగా వింటాం. డోలక్ ఒక్కటే, తర్వాత కీబోర్డు ఒక్కటే, తర్వాత గొంతు ఒక్కటే. ఏది ఎలా మోగుతోందో తెలిశాకే అన్నిటినీ కలుపుతాం. ఈ సంగీతాన్ని వినే పద్ధతి నాకు ఆ బల్ల దగ్గరే దొరికింది. ఒకే పాటను మూడుసార్లు వినండి. మొదటిసారి బాస్ ఒక్కటే, రెండోసారి డ్రమ్ములు, మూడోసారి అందరినీ. మూడోసారి విన్నది కొత్త పాటలా వినిపిస్తుంది.

ఫ్యూజన్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళ్తాను. 1960ల చివర అమెరికా జాజ్ కళాకారులు ఎలక్ట్రిక్ పియానో, ఎలక్ట్రిక్ బాస్, ఆంప్లిఫయర్‌కు తగిలించిన గిటారు, ఆ తర్వాత విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే సింథసైజర్ చేతపట్టారు. రాక్ నుంచి, ఫంక్ నుంచి దరువు తీసుకున్నారు. జాజ్‌లోని మనోధర్మాన్ని మాత్రం వదల్లేదు. ఒక చిన్న వరుసను అందరూ కలిసి వాయిస్తారు, తర్వాత ఒక్కొక్కరే దాని మీద అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతారు, చివరికి మళ్లీ ఆ వరుస దగ్గరే కలుస్తారు. పాటలు అంటున్నాను గానీ వీటిలో చాలావాటికి సాహిత్యం ఉండదు.

ముందు వినే ఏర్పాటు

ఫోనులో ఉండే చిన్న స్పీకరులో వింటే ఈ పాటలో సగం మీ దాకా రాదు. నాలుగు తీగల బాస్ గిటారులో అన్నిటికంటే లావు తీగను ఊరికే మీటితే పుట్టే స్వరం దాదాపు 41 హెర్ట్జ్. ఆ స్వరానికి చాలా గాలిని కదపాలి, గోరంత స్పీకరు ఆ పని చేయలేదు. వైరున్న మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. రెండు చెవుల్లోనూ పెట్టుకోండి. ఒక చెవిలో పెట్టుకుని ఇంకో చెవితో ఇంట్లోవాళ్ల మాటలు వినే అలవాటు వీటికి పనికిరాదు, ఎందుకంటే ఈ రికార్డుల్లో వాద్యాలను కుడికీ ఎడమకీ పంచి పెడతారు. ఒక వైపు వదిలేస్తే ఒక మనిషిని బయట నిలబెట్టినట్టే. ఫోనులో బాస్ పెంచే సదుపాయం ఏదైనా ఉంటే ఆపేయండి. అది బాస్‌ను ఉబ్బిస్తుంది తప్ప ఒక స్వరానికీ పక్క స్వరానికీ మధ్య తేడాను నిలబెట్టదు. మనకు కావలసింది ఆ తేడా.

బ్లూటూత్ స్పీకరులో వినేవాళ్లకు ఒక మాట. మన ఇళ్లు చాలావరకు స్లాబు ఇళ్లు, కింద తాండూరు బండలు, గోడలు నున్నగా ఉంటాయి. గది మధ్య నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి చూడండి. శబ్దం గణగణమంటూ ఆలస్యంగా ఆగితే ఆ గదిలో డ్రమ్ములన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. కింద ఒక బొంత పరచండి, ఎదురు గోడకు మందపాటి దుప్పటి వేలాడదీయండి. స్పీకరును మూలలో పెట్టకండి. మూలలో బాస్ పెరుగుతుంది గానీ బొంయ్‌మని ఒకే మోతగా మారుతుంది. గోడకు మూరెడు దూరం జరిపి చూస్తే వేళ్లు తీగ మీద కదులుతున్నది కూడా తెలుస్తుంది. మా దగ్గరికి వచ్చే కుర్రాళ్లు డీజే బాక్సుల మీద వేసి వినిపించమని అడుగుతారు. నేను వేయను. ఆ బాక్సులు ఒక్కో దెబ్బ గుండెకు తగలడానికి కట్టినవి. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న చిన్న చిన్న శబ్దాలను అవి మింగేస్తాయి, ఈ సంగీతం బతికేది ఆ మధ్యలోనే.

మొదలుపెట్టాల్సిన పాట

అమెరికా కీబోర్డు కళాకారుడు హెర్బీ హాన్‌కాక్ ‘కమీలియన్’. 1973లో వచ్చిన ‘హెడ్ హంటర్స్’ ఆల్బంలో మొదటి పాట ఇది. నిడివి 15 నిమిషాలకు పైనే. కొత్తవాళ్లకు ఇంత పొడుగు పాట ఇస్తారా అని అడగవచ్చు. ఇస్తాను, ఎందుకంటే ఇందులో దాపరికం లేదు. ఏ వాద్యం ఎప్పుడు వస్తోందో ఒక్కొక్కటిగా మీ ముందు పెడుతుంది.

మొదట బాస్ ఒక్కటే వస్తుంది. అది గిటారు కాదు, ఆర్ప్ ఒడిస్సీ అనే సింథసైజర్ మీద హాన్‌కాక్ స్వయంగా వాయించింది. జాగ్రత్తగా వినండి: కింది నుంచి ఒక్కో స్వరం పాకుతూ పైకి వచ్చి ఒకచోట నిలుస్తుంది, వెంటనే పై స్థాయిలో రెండు పొట్టి స్వరాలు కొడుతుంది. కొంచెం ఖాళీ. మళ్లీ అదే పాకుడు, ఈసారి ఇంకాస్త ఎత్తు నుంచి. మళ్లీ పైన రెండు. అంతే, ఈ రెండు ముక్కలే. పాటలో పెద్ద భాగం వీటి మీదే నడుస్తుంది. ఆ బాస్ కాసేపు సాగాక హార్వీ మేసన్ డ్రమ్ములు వచ్చి చేరతాయి. ఆ పైన కరకరలాడే తీగల శబ్దంతో క్లావినెట్ అనే ఎలక్ట్రిక్ కీబోర్డు. ఇవన్నీ కుదురుకున్నాక గానీ బెన్నీ మాపిన్ శాక్సోఫోన్‌తో అసలు వరుస రాదు.

మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రవాడు పెద్దవూర వైపువాడు. ఒకరోజు జాక్‌లకు సోల్డరింగ్ చేస్తుంటే నేను ఈ పాట పెట్టాను. కొంతసేపు విని, ‘‘అన్నా, పాట ఎప్పుడు మొదలవుతుంది?’’ అని అడిగాడు.

‘‘నీ కాలు చూసుకో’’ అన్నాను. స్టూలు కింద వాడి మడమ బండ మీద ఆడుతోంది. అచ్చం బాస్ నిలిచే చోట పడుతోంది.

‘‘ఇదేనా పాట?’’

‘‘ఇదే. ఇక మీద వచ్చేవన్నీ దీని మీద ఆడేవి.’’

వాడు తర్వాత మాట్లాడలేదు. సగం దాటాక పాట మారుతుంది, కొత్త బాస్ వస్తుంది, ఎలక్ట్రిక్ పియానో మెత్తగా పరుచుకుంటుంది. అక్కడ తలెత్తి నా వైపు చూశాడు. చాలాసేపటికి మొదటి బాస్ తిరిగి వచ్చినప్పుడు, ‘‘వచ్చేసింది’’ అన్నాడు. ఈ సంగీతం వినడానికి కావలసిన విద్య అంతా ఆ మాటలో ఉంది. వెళ్లింది తెలియాలి, తిరిగొచ్చింది తెలియాలి.

అదే ఆల్బంలో రెండో పాట ‘వాటర్‌మెలన్ మ్యాన్’. హాన్‌కాక్ దీన్ని మొదట 1962లో మామూలు జాజ్ పద్ధతిలో రికార్డు చేశాడు. షికాగోలో చిన్నప్పుడు విన్న పుచ్చకాయల బండి చక్రాల చప్పుడు, ఆ బండివాడిని పిలిచే ఆడవాళ్ల కేక, ఇవే ఆ పాటకు పుట్టిల్లు. 1973లో అదే పాటను పూర్తిగా విప్పి మళ్లీ కట్టారు. మొదట్లో వచ్చే వింత ఊదుడు పిల్లనగ్రోవి కాదు. బిల్ సమ్మర్స్ బీరు సీసాలోకి ఊదుతున్నాడు, మధ్య ఆఫ్రికా అడవి జనం ఒకే స్వరం పలికే గొట్టాన్నీ తమ గొంతునూ కలిపి పాడే పద్ధతిని అనుసరిస్తూ. 1962 పాటను ముందు, 1973 పాటను వెంటనే వినండి. జాజ్ ఎక్కడ ఉండేది, ఫ్యూజన్ దాన్ని ఎక్కడికి తెచ్చింది అన్నది ఈ రెండింటి మధ్య తెలిసినంతగా ఏ పుస్తకం చదివినా తెలియదు.

తర్వాత డ్రమ్ముల కళాకారుడు బిల్లీ కోబమ్ ‘స్ట్రేటస్’. ఇదీ 1973దే, ఆల్బం పేరు ‘స్పెక్ట్రమ్’. మొదటి మూడు నిమిషాల దాకా సింథసైజర్ శబ్దాలు, డ్రమ్ముల విజృంభణ. అది చూసి పాట మార్చకండి. ఆ తర్వాత లీ స్క్లార్ బాస్ మొదలవుతుంది. అదే వరుస, అదే వేగం, కదలడు. పైన కోబమ్ ఎంత చెలరేగినా, టామీ బోలిన్ గిటారు ఎంత కేకపెట్టినా అతను కదలడు. సోలో, అంటే ఒక్కడే అల్లుకుంటూ వాయించడం, దానికంటే ఈ నిలకడ కష్టమని నా గట్టి నమ్మకం. రాత్రంతా ఒకే దరువు పట్టుకుని డప్పు కొట్టినవాళ్లను అడగండి, వాళ్లూ ఇదే చెబుతారు.

మెట్లు లేని బాస్

పాలమూరు వాళ్లకు మెట్ల వాద్యం గురించి నేను చెప్పనక్కర్లేదు. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరను దేశమంతా వినేలా చేశారు, 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మెట్టు ఉంటే వేలు ఎక్కడ నొక్కినా స్వరం ఆ మెట్టు దగ్గరే పుడుతుంది, కచ్చితంగా ఉంటుంది. ఇప్పుడు ఆ మెట్లన్నీ తీసేసిన వాద్యాన్ని ఊహించండి. వేలు ఎక్కడ ఆగితే స్వరం అక్కడ. వెంట్రుకవాసి తప్పినా అపస్వరమే. కానీ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారవచ్చు, స్వరాన్ని వణికించవచ్చు, మనిషి గొంతులా పలికించవచ్చు. జాకో పాస్టోరియస్ వాయించిన బాస్ గిటారు అలాంటిది. మెట్లు పీకిన గాడుల్లో చెక్క పూడిక నింపి, పైన పడవలకు పూసే గట్టి ఎపాక్సీ పూత వేసిన వాద్యం అది.

అతను వాయించిన బ్యాండు వెదర్ రిపోర్ట్, ఆల్బం ‘హెవీ వెదర్’, సంవత్సరం 1977. అందులో అందరికీ తెలిసిన పాట ‘బర్డ్‌లాండ్’. వియన్నాలో పుట్టిన కీబోర్డు కళాకారుడు జో జావినుల్ దాన్ని కట్టాడు. న్యూయార్క్‌లో శాక్సోఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ ముద్దుపేరు మీద వెలిసిన జాజ్ క్లబ్బు పేరే పాటకు పెట్టాడు. ఆరు నిమిషాల లోపే, పెళ్లి ఊరేగింపులో వాయించినా జనం ఆడేంత హుషారు. మొదట్లో సన్నగా, పైస్థాయిలో గిటారులా ఒక వరుస వినిపిస్తుంది చూడండి, అది గిటారు కాదు. జాకో తన బాస్ తీగను పూర్తిగా నొక్కకుండా తాకీ తాకనట్టు తాకి రప్పిస్తున్న స్వరాలు. బాస్‌ను కింద వెతకమన్నాను గదా, ఇక్కడ అది పైకెక్కి కూర్చుంది. ఆ సమయంలో కింద పని సింథసైజర్ చూసుకుంటోంది.

కానీ నాకు ‘బర్డ్‌లాండ్’ కంటే దాని పక్కనే ఉన్న ‘ఎ రిమార్క్ యూ మేడ్’ ఎక్కువ. నెమ్మదైన పాట. వేన్ షార్టర్ శాక్సోఫోన్, జాకో బాస్ ఒకరి తర్వాత ఒకరు పలుకుతారు. బాస్ తన స్వరాన్ని చివర్లో కొద్దిగా పైకి లాగి వదిలే చోట మెట్లు తీసేసినందుకు ఏం దక్కిందో తెలుస్తుంది. ఈ ఒక్క పాట కోసం మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కున్నా డబ్బు వృథా కాదు. ‘టీన్ టౌన్’ కూడా అదే ఆల్బంలోది, అందులో బాస్, డ్రమ్ములు రెండూ జాకోవే. 35 ఏళ్లకే, 1987లో చనిపోయాడు. ఈ మనిషి తర్వాత బాస్ పట్టుకున్నవాళ్లలో అతని నీడ పడనివాళ్లు అరుదు.

లెక్క వేయడం

ఫ్యూజన్‌లో చాలా పాటలు నాలుగు దెబ్బల లెక్కలో ఉండవు. కొత్తవాళ్లు కంగారు పడేది ఇక్కడే. మనకు కంగారు అక్కర్లేదు. భజన మండలిలో తాళం వేసిన చెయ్యి దీనికి ఎప్పుడో సిద్ధమైంది. ఖండ చాపు అయిదు: తక తకిట. మిశ్ర చాపు ఏడు: తకిట తకధిమి. ఇవి నోటికి వస్తే అమెరికాలో పుస్తకం పెట్టుకుని నేర్చుకునేవాళ్ల కంటే మీరు ఒక అడుగు ముందున్నట్టే.

సాధనకు ముందుగా ఫ్యూజన్ కాని ఒక పాట చెబుతాను: డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 1959లో విడుదల చేసిన ‘టేక్ ఫైవ్’. పియానో ఆద్యంతం ‘తకిట తక’ అనే అంటుంది, మూడు, రెండు. అరచేతిలో వేస్తూ వినండి. అది చేతికి వచ్చాక స్నార్కీ పప్పీ బృందం ‘లింగస్’కు రండి. ‘వి లైక్ ఇట్ హియర్’ ఆల్బం, 2014. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్న శ్రోతల మధ్య వాయిస్తూ రికార్డు చేసిన పాట. వీడియో కూడా దొరుకుతుంది, తప్పకుండా వీడియోతోనే చూడండి. ఇదీ అయిదు లెక్కే. కోరీ హెన్రీ కీబోర్డు సోలో మొదలైనప్పుడు చూపు అతని వేళ్ల మీద ఉంచినా, చేతితో అయిదు వదలకండి. అతను లెక్కకు అడ్డంగా ఎంత దూరం వెళ్లి ఎలా వచ్చి పడతాడో తాళం వేస్తున్నవాళ్లకే పూర్తిగా తెలుస్తుంది. చుట్టూ ఉన్న కళాకారుల మొహాలు చూడండి, వాళ్లూ ఆ పడే చోటు కోసమే కాచుకుని ఉంటారు.

ఆ తర్వాత మహావిష్ణు ఆర్కెస్ట్రా ‘బర్డ్స్ ఆఫ్ ఫైర్’, 1973. ఇంగ్లండ్‌లో పుట్టిన గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ బృందం ఇది. గురువు శ్రీ చిన్మయ్ అతనికి ఇచ్చిన పేరే బృందానికీ వచ్చింది. డ్రమ్ముల దగ్గర మన ‘స్ట్రేటస్’ బిల్లీ కోబమ్. పెద్ద గంట మోతతో మొదలయ్యే ఈ పాట 18 లెక్కలో తిరుగుతుంది. దేవరకొండ వైపు భజన మండళ్లకు మృదంగం వాయించే సారు ఒకాయన మా షాపుకు మైకు బాగు చేయించుకోవడానికి వస్తే ఈ పాట వినిపించాను. కళ్లు మూసుకుని తొడ మీద వేళ్లు ఎంచుతూ కూర్చున్నారు. మొదటిసారి ఏమీ చెప్పలేదు. రెండోసారి మళ్లీ పెట్టమన్నారు. ‘‘మధ్యలో ఎలా విరుచుకున్నా ఫరవాలేదు బాబూ, పద్దెనిమిదికి అందరూ కలుస్తున్నారు. కలిసే చోటు పట్టుకుంటే చాలు’’ అన్నారు. మీకు కూడా నేను చెప్పేది అదే. లోపలి విరుపుల జోలికి మొదట పోకండి. గిటారు తిరుగుడు మళ్లీ మొదటికి వచ్చే చోట ఒక చప్పట్టు వేయండి. నాలుగైదు చుట్లు సరిగ్గా పడితే మిగతాది దానంతట అదే సర్దుకుంటుంది.

బాస్ గిటారు లేని ‘శక్తి’

మెక్‌లాఫ్లిన్ పేరు వచ్చింది గనుక, మన వాళ్లందరూ వినాల్సిన బృందం దగ్గరికి వద్దాం. విద్యుత్తు హోరు పక్కన పెట్టి అతను వయొలిన్ ఎల్. శంకర్, తబలా జాకీర్ హుస్సేన్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌లతో ‘శక్తి’ మొదలుపెట్టాడు. మొదటి ఆల్బంలో ఆర్. రాఘవన్ మృదంగం కూడా ఉంది. 1975లో అమెరికాలోని ఒక కళాశాల కచేరీలో రికార్డు చేసి 1976లో విడుదల చేశారు. మెక్‌లాఫ్లిన్ దీనికోసం ప్రత్యేకంగా గిటారు చేయించుకున్నాడు. మెట్ల మధ్య చెక్కను లోతుగా గీయించాడు, వీణ మీద లాగినట్టు తీగను లాగి గమకం పలికించడానికి. మామూలు తీగలకు అడ్డంగా ఏడు సన్న తీగలు వేయించాడు, సితార్‌లోలాగా శ్రుతి మోగడానికి.

మొదట ‘లోటస్ ఫీట్’ వినండి. నెమ్మదైనది, చిన్నది, రాగం పరిచయమైనట్టే ఉంటుంది. దాని తర్వాతే 18 నిమిషాల ‘జాయ్’. ఆ పాట వేగానికి సిద్ధపడకుండా వెళ్తే చెవి తట్టుకోలేదు. ఇక్కడ బాస్ గిటారు లేదు గదా, కింద ఎవరున్నారు? తబలా జతలో ఎడమ చేతి డగ్గా, మృదంగంలో ఎడమ ముఖం, ఘటం కడుపులోంచి వచ్చే గుమ్‌మనే మోత. ఈ పాటకు మీ మొదటి విడత వినడం వాటికే ఇవ్వండి. జాకీర్ హుస్సేన్ ఎడమ మణికట్టు డగ్గా చర్మం మీద జరిగినప్పుడు స్వరం కిందికి మీదికి జారుతుంది. జాకో మెట్లు తీసి సాధించిన జారుడు, ఇక్కడ చర్మం మీద మొదటి నుంచీ ఉంది.

1990ల చివర ‘రిమెంబర్ శక్తి’గా మళ్లీ కలిసినప్పుడు వయొలిన్ స్థానంలో మాండొలిన్ వచ్చింది. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్. 2001 నాటి ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ ఆల్బంలో ‘గిరిరాజ్ సుధ’ వినండి, శంకర్ మహదేవన్ గొంతు కూడా ఉంది. సాహిత్యం లేకుండా కుదరదు అనేవాళ్లను ఈ పాటతో మొదలుపెట్టించండి. శ్రీనివాస్ 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ‘శక్తి’ 2023లో తెచ్చిన ‘దిస్ మొమెంట్’కు 2024లో గ్రామీ దక్కింది, అదే సంవత్సరం డిసెంబరులో జాకీర్ హుస్సేన్ కన్నుమూశారు. నాకు మొదటి ఆల్బమే ప్రాణం గానీ, ఇవాళ్టి రికార్డింగు నాణ్యత కావాలనుకుంటే 2023 ఆల్బం దగ్గర మొదలుపెట్టినా నష్టం లేదు.

అన్నిటికీ మూలమైన గది

ఇప్పటిదాకా చెప్పినవాళ్లలో నలుగురు ఒకే గదిలో కూర్చున్న రోజు ఒకటుంది. 1969 ఫిబ్రవరి 18, న్యూయార్క్. ట్రంపెట్ మైల్స్ డేవిస్. అతని చుట్టూ హెర్బీ హాన్‌కాక్, చిక్ కొరియా, జో జావినుల్ ముగ్గురూ మూడు ఎలక్ట్రిక్ కీబోర్డుల దగ్గర. గిటారు మెక్‌లాఫ్లిన్, శాక్సోఫోన్ వేన్ షార్టర్, బాస్ డేవ్ హాలండ్, డ్రమ్ములు టోనీ విలియమ్స్. ఎనిమిది మంది. ఆ రోజు పుట్టింది ‘ఇన్ ఎ సైలెంట్ వే’. ఆ గది నుంచి బయటికి నడిచి ఒకరు ‘హెడ్ హంటర్స్’, ఒకరు ‘రిటర్న్ టు ఫరెవర్’, ఇద్దరు ‘వెదర్ రిపోర్ట్’, ఒకరు ‘మహావిష్ణు’, ‘శక్తి’ కట్టారు.

దీన్ని ముందే ఎందుకు చెప్పలేదంటే, ఇది ఓపిక అడుగుతుంది. గ్రామఫోన్ రికార్డుకు ఒక్కో వైపు ఒక్కటే పొడుగు ముక్క. మొదటి వైపు టోనీ విలియమ్స్ దాదాపు ఆద్యంతం హై హ్యాట్ తాళాల మీద సన్నగా, సమంగా కొడుతూనే ఉంటాడు, గట్టిగా ఒక్కసారైనా విరుచుకుపడతాడేమోనని మనం ఎదురు చూస్తూ ఉంటాం. రాత్రి ఫ్యాను తగ్గించి వినాల్సిన పాట. రెండో వైపు చివరికి వచ్చే ముక్క, మొదట్లో వచ్చిన ముక్కే. మళ్లీ వాయించలేదు, నిర్మాత టియో మాసెరో అదే టేపును కోసి చివర అతికించాడు. మధ్యలో అంత దూరం తిరిగొచ్చాక ఆ ముక్కే వేరుగా వినిపిస్తుంది. టేపులు అతికించిన చేతులు నావి గనుక నాకు ఆ కత్తెర మీద గౌరవం ఎక్కువ.

అదే ఏడాది ఆగస్టులో రికార్డు చేసి 1970లో విడుదల చేసిన మైల్స్ ‘బిచెస్ బ్రూ’ పేరు ప్రతి జాబితాలోనూ మొదట కనిపిస్తుంది. కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టవద్దు. చాలామంది ఆ ఆల్బం దగ్గరే ఈ సంగీతానికి దండం పెట్టి వెళ్లిపోయారు. పైన చెప్పినవన్నీ విన్నాక వెళ్తే అందులో ఏ వాద్యం ఎక్కడ ఉందో మీరే విడదీసుకోగలరు.

మిగిలినవి త్వరగా చెబుతాను. ‘రిటర్న్ టు ఫరెవర్’ ‘స్పెయిన్’, 1973: చిక్ కొరియా ఎలక్ట్రిక్ పియానో మీద స్పెయిన్ స్వరకర్త రోద్రీగో గిటారుకూ ఆర్కెస్ట్రాకూ రాసిన కాన్చెర్టో భాగంతో మొదలుపెట్టి, ఒక్కసారిగా పరుగందుకుంటాడు. ఇందులో చప్పట్లు వస్తాయి, వాటితో కలిపి కొట్టడానికి ప్రయత్నించండి, అంత సులువు కాదు. ప్యాట్ మెథెనీ గ్రూప్ ‘లాస్ట్ ట్రైన్ హోమ్’, 1987: డ్రమ్ముల మీద బ్రష్షులు రైలు చప్పుడు చేస్తుంటే పైన ఎలక్ట్రిక్ సితార్. గుంటూరు వైపు నుంచి వచ్చే రైల్లో నల్లగొండలో దిగేవాళ్లు ఒకసారి కిటికీ పక్కన కూర్చుని దీన్ని వినాలి. జార్జ్ బెన్సన్ ‘బ్రీజిన్’, 1976: ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పెట్టుకోవచ్చు, ఎవరూ ఆపమనరు. జపాన్ బృందం కాసియోపియా ‘అసాయాకే’: పొద్దున షట్టర్ తీసేటప్పుడు మా షాపులో మోగేది అదే.

వారానికి ఒక్క పాట చాలు. ఒకటి అయ్యాక ఇంకోటి దానంతట అదే మోగేలా ఫోనులో ఉన్న సదుపాయాన్ని ఆపేయండి, లేకపోతే విన్న పాట లోపల కుదురుకోకముందే ఇంకో పాట వచ్చి మీద పడుతుంది.

మన దగ్గర వాయించేవాళ్లు చాలామంది ఉన్నారు, చివరి మాట వాళ్లకు. కీబోర్డు వాయించేవాళ్లు ‘కమీలియన్’ బాస్‌ను ఎడమ చేతితో నేర్చుకోండి. కుడి చేతిని ఒడిలో పెట్టుకుని, ఎడమ చెయ్యి తడబడకుండా పది నిమిషాలు సాగేదాకా కుడి చేతిని పైకి రానివ్వకండి. డోలక్, తబలా వాయించేవాళ్లు ‘స్ట్రేటస్’ పెట్టుకుని బాస్ మొదలయ్యే చోటు నుంచి దానితో కలిసి వాయించండి. కోబమ్‌ను అనుకరించవద్దు, లీ స్క్లార్ నిలిచే చోట్లలోనే మీ దెబ్బ పడాలి. మీ చేతి మోతలో బాస్ వినిపించకుండా పోతే పాట శబ్దం పెంచకండి, చెయ్యి తగ్గించండి.